మహానగరానికి విద్యుత్ పంపిణీ నెట్‌వర్కు డిజైన్ చేయడం ఎలా

ముందు ఒక గంటను ఎంచుకోండి. ఏడాది మొత్తంలో లోడు గరిష్ఠంగా ఉండే గంట. సరిగ్గా ఆ గంటలోనే ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరో, ఒక ప్రధాన కేబులో పోయిందనుకోండి. మిగిలినవి మొత్తం భారాన్ని మోయగలిగితేనే డిజైన్ నిలబడ్డట్టు. నేమ్‌ప్లేటు మీద ఎంత రాసి ఉన్నా, ఒకటి పోయాక మిగిలేదే మీరు జనానికి మాట ఇవ్వగల సామర్థ్యం. దీన్నే ఎన్ మైనస్ వన్ అంటారు. ఇకపై వచ్చే ప్రతి అంకెనూ ఈ గంటకే పరీక్ష పెట్టాలి.

ఉదాహరణగా 33 కేవీ (కిలోవోల్టులు, అంటే 33,000 వోల్టులు), 11 కేవీ, 400 వోల్టుల వ్యవస్థను తీసుకుందాం. మీ నగరంలో 20 లేదా 22 కేవీ ఉంటే అంకెలు మారతాయి, పద్ధతి మారదు. చేతిలో ఉంచుకోవాల్సిన లెక్క ఒకటుంది: ఒక ఎంవీఏ (మెగావోల్ట్ ఆంపియరు, లోడుకు కొలత) అంటే 33 కేవీ దగ్గర 17.5 ఆంపియర్లు, 11 కేవీ దగ్గర 52.5, 400 వోల్టుల దగ్గర 1443.

1. లోడు మ్యాపు గీయండి

నగరాన్ని 500 మీటర్ల గళ్లుగా విడగొట్టండి. ఒక్కో గడి పావు చదరపు కిలోమీటరు. ప్రతి గడిలో ఇప్పుడున్న గరిష్ఠ లోడును ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్ల నుంచి తీసుకోండి. బిల్లుల్లోని యూనిట్ల నుంచి లెక్కిస్తే సగటు వస్తుంది, కేబులు కాలేది సగటుకు కాదు. తర్వాత 5, 10, 20 ఏళ్లకు అంచనా వేయండి. నగరమంతటికీ ఒకే వృద్ధి శాతం వేయడం ఇక్కడ అందరూ చేసే తప్పు. పాత వ్యాపార కూడలిలో లోడు దాదాపు ఆగిపోయి ఉంటుంది. శివారులో ఖాళీగా ఉన్న గడి మాత్రం కొన్నేళ్లు నిద్రపోయి, కట్టడాలు మొదలవగానే ఒక్కసారిగా పైకి లేచి, నిండాక మళ్లీ చదునవుతుంది. భూవినియోగ ప్రణాళికలు, మంజూరైన భవనాల అంతస్తులు చూడకుండా ఆ గడికి అంకె వేయకండి.

ఒక్కో ఇంటి గరిష్ఠ డిమాండును నేరుగా కూడితే డబ్బు వృథా. 200 ఫ్లాట్లలో ఒక్కో ఇంటి గరిష్ఠ డిమాండు 4 కిలోవాట్లయితే మొత్తం 800. కానీ అందరి గరిష్ఠమూ ఒకే నిమిషంలో రాదు. భవనం మీటరులో 400 నమోదైతే డైవర్సిటీ ఫ్యాక్టరు 2 అన్నమాట. ఇళ్ల సంఖ్య పెరిగే కొద్దీ ఈ వెసులుబాటు పెరుగుతుంది. పది ఇళ్లకు పనికొచ్చే ఫ్యాక్టరును వెయ్యి ఇళ్లకూ, వెయ్యి ఇళ్లది పది ఇళ్లకూ వాడకూడదు.

డైవర్సిటీ మాయమయ్యే సందర్భాలు రెండున్నాయి. ఒకటి, రాత్రి ఫలానా గంట నుంచి కరెంటు చవక అని ప్రకటిస్తే కార్ల ఛార్జర్లన్నీ ఆ నిమిషానికే మొదలవుతాయి. రెండోది, రెండు గంటలు కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు. ఏసీలు, గీజర్లు, ఫ్రిజ్‌లు అన్నీ వేచి ఉండి ఒకేసారి అందుకుంటాయి. ఆ మొదటి అరగంట లోడు మామూలు పీకును దాటిపోతుంది. మరమ్మతు చేసి బ్రేకరు వేయగానే మళ్లీ పడిపోతే చాలామంది ఫాల్టు తొలగలేదనుకుని కేబులు వెంట తిరుగుతారు. నిజానికి అక్కడ ఫాల్టు ఉండదు. అందుకే ఫీడరును, అంటే సబ్‌స్టేషన్ నుంచి సరఫరా తీసుకెళ్లే లైనును, ముక్కలుగా వేసే వీలు డిజైన్‌లోనే పెట్టాలి.

2. సబ్‌స్టేషన్ ఎంత, ఎక్కడ

33/11 కేవీ సబ్‌స్టేషన్లో 16 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు మూడు పెట్టారనుకోండి. మొత్తం 48. ఒకటి పోతే 32. కాబట్టి దాని చుట్టూ మీరు కేటాయించే లోడు 32 ఎంవీఏ దాటకూడదు. లోడు సాంద్రత చదరపు కిలోమీటరుకు 12 ఎంవీఏ ఉన్న ప్రాంతంలో ఇది 2.67 చదరపు కిలోమీటర్లకు సరిపోతుంది. అంటే సుమారు 920 మీటర్ల వ్యాసార్థపు వృత్తం. రెండే ట్రాన్స్‌ఫార్మర్లున్న చోట పెట్టిన సామర్థ్యంలో సగమే వాడుకోగలరు, మూడున్న చోట మూడింట రెండు వంతులు. మొదటి దశలో రెండే పెట్టినా మూడోదానికి దిమ్మె, నూనె గుంట, కేబులు దారి, ప్యానెల్ స్థలం మొదటిరోజే వదలండి. పదేళ్ల తర్వాత పక్క స్థలం ఎవరూ ఇవ్వరు.

నూనె ట్రాన్స్‌ఫార్మర్లు కొన్ని గంటలు అధిక లోడు మోయగలవు. ఆ సంగతి కంట్రోల్ రూమ్ వాళ్లకు ఆపదలో పనికొస్తుంది. ప్లానింగ్ లెక్కలో దాన్ని కలుపుకోకండి. పక్క సబ్‌స్టేషన్ మీదకు 11 కేవీ టై (రెండిటినీ కలిపే లైను) ద్వారా కొంత లోడు మళ్లించగలిగితే అది మాత్రం కలుపుకోవచ్చు. అయితే ఆ స్విచ్చులు కంట్రోల్ రూమ్ నుంచి నిమిషాల్లో మారేవై ఉండాలి.

స్థలం విషయంలో చూడాల్సినవి: లోడుకు మధ్యలో ఉందా, రెండు వేర్వేరు రోడ్ల నుంచి కేబుళ్లు వచ్చే వీలుందా, ట్రాన్స్‌ఫార్మరును ట్రైలరు మీద లోపలికి తేగలరా, నీళ్లు ఎంత ఎత్తు వరకు వస్తాయి. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను వేళ న్యూయార్క్‌లో సుమారు 14 అడుగుల ఎత్తున సముద్రపు నీరు వచ్చి, నది ఒడ్డునున్న సబ్‌స్టేషన్‌ను ముంచింది. దిగువ మాన్‌హటన్ రోజుల తరబడి చీకట్లో ఉంది. రిలే (ఫాల్టును పసిగట్టి బ్రేకరును తెరిపించే పరికరం) ప్యానెళ్లు, బ్యాటరీ గది, కంట్రోల్ కేబుళ్లు నేల మాళిగలో పెట్టకండి. స్విచ్‌గేర్‌ను, అంటే స్విచ్చులు, బ్రేకర్ల సముదాయాన్ని, ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చేమో గానీ, మురికినీటిలో మునిగిన రిలేను మళ్లీ నమ్మలేం.

ప్రతి సబ్‌స్టేషన్‌కూ వచ్చే రెండు 33 కేవీ సర్క్యూట్లు రెండు వేర్వేరు గ్రిడ్ సబ్‌స్టేషన్ల నుంచి రావాలి. అది కుదరకపోతే కనీసం వేర్వేరు బస్ సెక్షన్ల (సర్క్యూట్లన్నీ కలిసే కడ్డీలో విడి భాగాల) నుంచి, తప్పనిసరిగా వేర్వేరు కందకాల్లో. ఒకే కందకంలో వేసిన రెండు సర్క్యూట్లను ఒక్క పొక్లెయిన్ బకెట్ ఒకే దెబ్బతో తెంపేస్తుంది. స్థలం మరీ తక్కువైతే గ్యాస్ ఇన్సులేటెడ్ స్విచ్‌గేర్ తీసుకోండి.

3. 11 కేవీ రింగులు

పెద్ద నగరంలో ఒంటి కొమ్మలా సాగే రేడియల్ ఫీడరుకు చోటు లేదు. రెండు ఫీడర్లను చివర కలిపి, ఆ కలిసే చోట స్విచ్చును మామూలుగా తెరిచి ఉంచండి. దారిలో ప్రతి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరా ఒక రింగ్ మెయిన్ యూనిట్, అంటే ఆర్‌ఎంయూ. వచ్చే కేబులుకు ఒక స్విచ్చు, పోయే కేబులుకు ఒకటి, ట్రాన్స్‌ఫార్మరుకు ఒక బ్రేకరు. ఒక ఫీడరు మొదట్లోనే తెగితే రెండోది మొత్తం రింగును మోయాలి. కాబట్టి ఒక్కోదాన్ని దాని సామర్థ్యంలో సగానికే నింపాలి.

సగం ఖాళీగా ఉంచడం ఖరీదనిపిస్తే, పనిచేసే మూడు ఫీడర్లకు లోడు లేని ఒక ఫీడరును తోడు పెట్టండి. మూడూ నిండుగా నడుస్తాయి, ఏది పోయినా నాలుగోది అందుకుంటుంది. కేబుల్ సామర్థ్యంలో 75 శాతం వాడుకున్నట్టు. ఫీడరు సామర్థ్యం 5 ఎంవీఏ అయితే, 32 ఎంవీఏలకు మామూలు రింగు పద్ధతిలో 13 ఫీడర్లు కావాలి. ఈ పద్ధతిలో పనిచేసేవి 7, తోడువి 3, మొత్తం 10. స్విచ్చింగ్ మాత్రం చిక్కుగా ఉంటుంది, ఆపరేటర్లకు శిక్షణ కావాలి. మా అభిప్రాయంలో ఆటోమేషన్ ఉన్న చోటే దీనికి వెళ్లడం మేలు.

రింగు పొడవునా ఒకే సైజు కేబులు వేయండి. చివర లోడు తక్కువ కదా అని 300 చదరపు మిల్లీమీటర్ల నుంచి 95కు తగ్గిస్తే, బ్యాక్‌ఫీడ్ (అవతలి కొస నుంచి సరఫరా) ఇచ్చిన రోజున ఆ చివరే మొదలవుతుంది, మొత్తం లోడు ఆ సన్న కేబులు మీద పడుతుంది. రింగు రెండు కొసలూ వేర్వేరు సబ్‌స్టేషన్లలో ఉంటే ఒక సబ్‌స్టేషన్ మొత్తం పోయినా కొంత లోడు నిలుస్తుంది. ఆస్పత్రులు, మెట్రో, నీటి పంపింగ్ కేంద్రాలకు రెండు రింగుల నుంచి సరఫరా ఇచ్చి ఆటోమేటిక్ చేంజోవరు పెట్టండి.

4. కేబులు: వేడి లెక్క

పొరపాట్లు ఎక్కువగా దాక్కునేది ఇక్కడే, కాస్త నిదానించండి. మూడు కోర్ల 300 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం ప్లాస్టిక్ ఇన్సులేషన్) 11 కేవీ కేబులు, కేటలాగ్ షరతుల్లో భూమిలో సుమారు 350 ఆంపియర్లు మోస్తుంది. ఆ షరతుల్లో నేల ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, పక్కన వేరే కేబులు లేదు. మీ నేల 30 డిగ్రీలుంటే 0.93తో గుణించాలి. పక్కనే ఇంకో కేబులు ఆనుకుని ఉంటే 0.80. 350 కాస్తా 260 అయింది. పైన వేసుకున్న 5 ఎంవీఏ అక్కడి నుంచి వచ్చిందే. ఆరు కేబుళ్లు ఒకదానికొకటి ఆనించి ఒకే కందకంలో వేస్తే సామర్థ్యం దాదాపు సగానికి పడిపోతుంది. ఈ లెక్కలకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60287 పద్ధతి వాడండి.

సబ్‌స్టేషన్ గేటు దగ్గరి మొదటి వంద మీటర్లను ప్రత్యేకంగా లెక్కించండి. ఫీడర్లన్నీ అక్కడే గుంపుగా బయటికి వస్తాయి. మూడు కిలోమీటర్ల ఫీడరు సామర్థ్యాన్ని ఆ వంద మీటర్లే నిర్ణయిస్తాయి. నాలుగు దిక్కులా నాలుగు దారులు వదలండి, కేబుళ్ల మధ్య కనీసం 200 మిల్లీమీటర్ల ఎడం ఉంచండి. రోడ్డు కింద డ్రిల్లింగ్‌తో నాలుగైదు మీటర్ల లోతున పైపులో పోయే చోటా ఇదే సమస్య. లోతు పెరిగితే వేడి బయటపడదు, పైపులోని గాలి దాన్ని ఇంకా ఆపుతుంది.

నేల తడి ఆరిపోవడం మరో ప్రమాదం. వేడి కేబులు చుట్టూ ఉన్న మట్టిలోని తేమను తరిమేస్తుంది. ఎండిన మట్టి వేడిని మరీ తక్కువగా వదులుతుంది, దాంతో కేబులు ఇంకా వేడెక్కుతుంది. 1998లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ వ్యాపార కేంద్రానికి సరఫరా ఇచ్చే నాలుగు 110 కేవీ కేబుళ్లు ఎండాకాలంలో నెల రోజుల లోపే ఒకదాని వెంట ఒకటి పోయాయి. ఫిబ్రవరి 20 నాటికి నాలుగోదీ పోయింది. దాదాపు ఐదు వారాలు నగర నడిబొడ్డు సరఫరా లేక అల్లాడింది. ఆ కేబుళ్లు నిజంగా మోయగలిగిన లోడు, అనుకున్నదానికన్నా తక్కువని తర్వాతి విచారణలో తేలింది. మొదటిది పోయాక మిగిలినవాటి మీద భారం పెరగడం, ఆ భారమే తర్వాతిదాన్ని బలహీనపరచడం: ఎన్ మైనస్ వన్ లెక్కను కాగితం మీద సరిపెట్టి, మట్టిని కొలవకపోతే జరిగేది ఇదే. దారి పొడవునా మట్టి ఉష్ణ నిరోధాన్ని పొడి స్థితిలో కొలిపించండి. అది ఎక్కువగా వచ్చిన చోట తవ్విన మట్టి తీసేసి, ఇసుక సిమెంటు కలిపిన పలచని మిశ్రమంతో పూడ్చండి.

కందకం: 11 కేవీకి ఒక మీటరు లోతు, 33 కేవీకి 1.2 మీటర్లు. అడుగున 75 నుంచి 100 మిల్లీమీటర్ల జల్లించిన ఇసుక, కేబులు మీద మళ్లీ అంతే, ఆపైన రక్షణ పలకలు, వాటికి 300 మిల్లీమీటర్ల పైన హెచ్చరిక టేపు. వంపు వ్యాసార్థం కేబులు వ్యాసానికి 15 రెట్లకు తగ్గకూడదు. 80 మిల్లీమీటర్ల కేబులైతే 1.2 మీటర్లు. రోడ్డు దాటే ప్రతి చోటా ఒకటి రెండు ఖాళీ పైపులు అదనంగా పడేయండి.

5. వోల్టేజి, చివరి 300 మీటర్లు

11 కేవీలో ఒక లెక్క చూడండి. 200 ఆంపియర్లు, 3 కిలోమీటర్లు, కిలోమీటరుకు రెసిస్టెన్స్ 0.13 ఓములు, రియాక్టెన్స్ 0.09, పవర్ ఫ్యాక్టరు 0.9. వోల్టేజి డ్రాప్ సుమారు 162 వోల్టులు, అంటే 1.5 శాతం. దట్టమైన నగరంలో 11 కేవీ దగ్గర వోల్టేజి కన్నా ముందు వేడే అడ్డొస్తుందని దీని అర్థం.

ఎల్‌టీలో, అంటే ఇళ్లకు వెళ్లే 400 వోల్టుల లైన్లలో, ఇది తలకిందులు. 240 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబులులో 250 ఆంపియర్లు 300 మీటర్లు నడిస్తే దాదాపు 23 వోల్టులు, అంటే 5.7 శాతం పోతుంది. లోడంతా చివర్లో ఉందనుకుని వేసిన లెక్క ఇది, దారి పొడవునా సమంగా పంచి ఉంటే సగమవుతుంది. కాబట్టి ఎల్‌టీ పొడవును 250 నుంచి 300 మీటర్లలోపు ఉంచి, ట్రాన్స్‌ఫార్మర్లను ఇళ్ల మధ్యకు తీసుకెళ్లండి. ఒక్క పెద్ద ట్రాన్స్‌ఫార్మరు మూలన పెట్టడం కన్నా 500 కేవీఏవి రెండు, లోడు మధ్యలో పెట్టడం మంచిది. పీకులో 65 శాతం దగ్గర నడిపించండి, పక్కదానితో ఎల్‌టీ లింకు ఉంచండి. భవనం లోపలైతే నూనె లేని డ్రై టైపు వాడండి.

న్యూట్రల్‌ను ఎప్పుడూ ఫేజు సైజు కన్నా తగ్గించకండి. ఎల్‌ఈడీలు, కంప్యూటర్లు, ఛార్జర్లు పుట్టించే మూడో హార్మోనిక్ (సరఫరా ఫ్రీక్వెన్సీకి మూడు రెట్లు ఉండే) కరెంట్లు మూడు ఫేజుల నుంచీ వచ్చి న్యూట్రల్‌లో రద్దు కాకుండా కలిసిపోతాయి. చెడ్డ సందర్భంలో న్యూట్రల్ కరెంటు ఫేజు కరెంటును కూడా దాటుతుంది. వేడెక్కిన న్యూట్రల్ లగ్గు వదులై ఊడిందా, తక్కువ లోడున్న ఫేజులోని ఇళ్లకు 230కి బదులు 400కు దగ్గరగా వోల్టేజి వెళ్తుంది, టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే గాక ఎల్‌టీ లైను చివర కూడా ఎర్తు చేస్తే నష్టం కొంత తగ్గుతుంది.

కప్పుల మీద సోలార్ ఎక్కువగా ఉన్న వీధుల్లో మిట్టమధ్యాహ్నం వోల్టేజి పెరుగుతుంది. గరిష్ఠ లోడుకే గాక, కనిష్ఠ లోడు గరిష్ఠ ఎండ వేళకూ లెక్క వేసి ట్రాన్స్‌ఫార్మరు ట్యాప్ (వోల్టేజిని సర్దే మెట్టు) నిర్ణయించండి.

6. ఫాల్ట్ లెవెల్

ఫాల్టు జరిగిన చోటికి ఎంత కరెంటు పారగలదో అదే ఫాల్ట్ లెవెల్. 16 ఎంవీఏ, 10 శాతం ఇంపీడెన్స్ (కరెంటుకు అడ్డు) ఉన్న ట్రాన్స్‌ఫార్మరు వెనకాల సోర్సు అనంతమనుకుంటే, అది ఇచ్చే ఫాల్టు 160 ఎంవీఏ, 11 కేవీ దగ్గర 8.4 కిలో ఆంపియర్లు. మూడు సమాంతరంగా నడిస్తే 25.2. మీ స్విచ్‌గేర్ 25 కిలో ఆంపియర్లదైతే చాలదు. అందుకే బస్ కప్లర్లను, అంటే బస్ సెక్షన్లను కలిపే బ్రేకర్లను, మామూలుగా తెరిచి ఉంచి, ఏదైనా ట్రాన్స్‌ఫార్మరు పోతే వాటంతటవే మూసుకునేలా పెడతారు. రింగు మార్చేటప్పుడు కరెంటు పోకుండా రెండు సబ్‌స్టేషన్లను క్షణకాలం కలిపినా ఫాల్ట్ లెవెల్ పెరుగుతుందని, ఆ స్థితికీ లెక్క వేయాలని గుర్తుంచుకోండి.

కేబులుకూ ఇదే పరీక్ష. ఎక్స్‌ఎల్‌పీఈ అల్యూమినియం చదరపు మిల్లీమీటరుకు ఒక సెకను పాటు 94 ఆంపియర్లు తట్టుకుంటుంది. 300కు 28 కిలో ఆంపియర్లు, 95కు 8.9 మాత్రమే. చిన్న కొమ్మకు సన్న కేబులు వేస్తే దాని బ్రేకరు ఎంత వేగంగా తెరుచుకుంటుందో చూసుకోవాలి.

7. రక్షణ, ఎర్తింగ్

రిలేల సమయాలను కింది నుంచి పైకి పేర్చండి. ఎల్‌టీ ఫ్యూజు, ఆర్‌ఎంయూ, ఫీడరు, కప్లరు, ఇన్‌కమరు (ట్రాన్స్‌ఫార్మరు నుంచి బస్‌కు వచ్చే బ్రేకరు). ఒక్కో మెట్టుకు 0.3 సెకన్లు. ఫీడరు 0.3 అయితే కప్లరు 0.6, ఇన్‌కమరు 0.9. స్టాండర్డ్ ఇన్వర్స్ వక్రంలో సెట్టింగుకు పది రెట్ల కరెంటుకు సమయం సుమారు 3 సెకన్లు, దాన్ని టైమ్ మల్టిప్లయరుతో గుణించాలి. 33 కేవీ కేబుళ్లకు డిఫరెన్షియల్ (రెండు కొసల కరెంట్లను పోల్చే రిలే) పెట్టండి, మెట్ల గొడవ ఉండదు.

పికప్ సెట్టింగును, అంటే రిలే పనిచేయడం మొదలుపెట్టే కరెంటును, మామూలు రోజు 130 ఆంపియర్లు చూసి పెట్టొద్దు. బ్యాక్‌ఫీడ్ రోజున అదే ఫీడరులో 260 పారుతుంది. 2003 ఆగస్టు 28న లండన్‌లో జరిగింది ఇలాంటిదే. 5 ఆంపియర్ల రిలే ఉండాల్సిన చోట 1 ఆంపియరుది అమర్చారు. మామూలు రోజుల్లో ఏమీ బయటపడలేదు. వేరే పరికరాన్ని ఆపినప్పుడు లోడు ఆ సర్క్యూట్ మీదకు మళ్లింది, ఆరోగ్యంగా ఉన్న సర్క్యూట్‌ను రిలే కోసేసింది. సాయంత్రం రద్దీవేళ 724 మెగావాట్ల లోడు పోయి భూగర్భ రైళ్లు ఆగిపోయాయి. బ్యాకప్ రిలేల సెట్టింగుల్ని, సీటీ (కరెంటును కొలతకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు) నిష్పత్తుల్ని కరెంటు ఇంజెక్ట్ చేసి, లోడు మారే ప్రతి స్థితికీ పరీక్షించండి.

కేబుల్ నెట్‌వర్కులో ఆటో రీక్లోజరు (పడిపోయిన బ్రేకరును దానంతటదే మళ్లీ వేసేది) పెట్టకండి. ఓవర్‌హెడ్ లైను మీద కొమ్మ తగిలి తొలగిపోవచ్చు, కేబులు ఫాల్టు దానంతట అది తొలగదు. మళ్లీ వేసిన ప్రతిసారీ రంధ్రం పెద్దదవుతుంది, పక్క కేబులునూ కాల్చేస్తుంది. 11 కేవీ న్యూట్రల్‌కు 6.35 ఓముల రెసిస్టరు పెడితే ఎర్త్ ఫాల్టు సుమారు 1000 ఆంపియర్లకు పరిమితమవుతుంది. రిలేకు తెలిసేంత ఉంటుంది, కేబులు స్క్రీను కరిగేంత ఉండదు.

8. ఆటోమేషన్ ఎక్కడ

కంట్రోల్ రూమ్ నుంచి స్విచ్చు తిప్పే మోటారు ప్రతి ఆర్‌ఎంయూకూ అక్కర్లేదు. ఫీడరు మధ్యలో ఒకటి, తెరిచి ఉంచిన పాయింటు దగ్గర ఒకటి పెడితే సగం మందికి నిమిషాల్లో కరెంటు తిరిగి ఇవ్వొచ్చు. మిగిలినచోట ఫాల్ట్ ప్యాసేజ్ ఇండికేటర్లు చాలు. దీపం వెలిగిన ఆఖరి ఆర్‌ఎంయూకూ, వెలగని మొదటిదానికీ మధ్యే ఫాల్టు. బ్యాకప్ బ్యాటరీల మీద మాత్రం కన్నేయండి, కరెంటు పోయినప్పుడే కదా ఆ మోటార్లతో పని.

9. జాయింటు, పరీక్ష, రింగు మూయడం

బాగా డిజైన్ చేసిన నెట్‌వర్కు కూడా జాయింట్ల దగ్గరే ఎక్కువగా తెగుతుంది. ఇన్సులేషన్ మీద ఉండే నల్లటి సెమీకండక్టర్ పొరను తీసేటప్పుడు కత్తి ఒక్క మిల్లీమీటరు లోతుగా దిగితే కింది తెల్లటి ఎక్స్‌ఎల్‌పీఈ మీద సన్నటి గాటు పడుతుంది. చేత్తో తడిమితే తప్ప తెలియదు. ఆ గాటులో చిక్కిన గాలిలో సూక్ష్మ డిశ్చార్జీలు మొదలై, నెలలకో ఏళ్లకో ఇన్సులేషన్‌ను తొలిచేస్తాయి. లోతు బిగించుకునే ప్రత్యేక పరికరంతోనే ఆ పొర తీయించండి, తెల్లటి భాగాన్ని సన్న గరుకు కాగితంతో చుట్టూ రుద్దించి, కోరు నుంచి నల్ల పొర వైపు ఒకే దిశలో తుడిపించండి. వెనక్కి తుడిస్తే నల్లపొడి ఇన్సులేషన్ మీదకు వస్తుంది. వాన పడుతుంటే గుడారం లేకుండా జాయింటు విప్పనివ్వకండి. ఎవరు, ఏ రోజు వేశారో, రెండు కదలని గుర్తుల నుంచి ఎన్ని మీటర్లో రాయించండి.

వేసిన కేబులుకు 0.1 హెర్ట్జ్ పరీక్ష, ఫేజ్ వోల్టేజికి మూడు రెట్లు, అంటే సుమారు 19 కేవీ, 15 నిమిషాలు పెట్టండి. పాతబడ్డ ఎక్స్‌ఎల్‌పీఈ మీద ఎక్కువ డీసీ వోల్టేజి పెడితే ఇన్సులేషన్‌లో ఆవేశం పేరుకుపోయి, పరీక్షలో నెగ్గిన కేబులే సరఫరా ఇచ్చాక పేలవచ్చు.

రింగు మొదటిసారి మూసే ముందు తెరిచి ఉన్న స్విచ్చుకు రెండు వైపులా ఫేజింగ్ చూడాలి. ఒకే ఫేజు ఈ వైపుకూ ఆ వైపుకూ మధ్య మీటరు దాదాపు సున్నా చూపాలి, వేర్వేరు ఫేజుల మధ్య 11 కేవీ. ఏ జాయింటులోనైనా రెండు కోర్లు తారుమారైతే ఈ పరీక్షలోనే పట్టుబడతాయి. చూడకుండా హ్యాండిల్ తిప్పితే రెండు ఫీడర్ల పూర్తి ఫాల్టు కరెంటూ ఆ స్విచ్చు ముందున్న మనిషి చేతికింద పేలుతుంది. మూడు ఫేజుల తొమ్మిది రీడింగులూ కాగితం మీద పడి, చూసినవాళ్ల సంతకం అయ్యాకే స్విచ్చు మూయండి.